అందరం క్షేమమని తార్ కొట్టిన పాపం

నవ్వనంటేనే చెప్తాను. ఒక్క ప్రాణమైనా పోకుండా తొమ్మిది ఊళ్లలో ఏడుపులు లేపిన ఘనుణ్ణి నేను. అదీ కూర్చున్న కుర్చీ కదలకుండా!

డెబ్బైల చివర మంథని పక్కన ఒక చిన్న పోస్టాఫీసులో తార్లు, అంటే టెలిగ్రాములు, కొట్టే నౌకరీ నాది. పెళ్లయి రెండు నెలలు. పైనుంచి కాగితం వచ్చింది: రోజూ ఎన్ని తార్లు వస్తున్నాయో, ఎన్ని పోతున్నాయో నెలరోజులు లెక్క రాయండి, తక్కువైతే మిషను ఎత్తేస్తాం.

పోస్టుమాస్టర్ ఖాదర్ సాబ్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "మిషిన్ పోతే నువ్వు గూడ పోతవ్ రాజం. జైనూర్‌కు."

"గా గుట్టలల్లకా సాబ్?"

"మరి తార్లు పెంచు. ఫికర్ జేస్తె పెరుగుతయా?"

జైనూర్ చెడ్డ ఊరని కాదు. కొత్తగా కాపురానికొచ్చిన సుగుణ, అవ్వ వంట, బాపు కబుర్లు, ఇంత సుఖం విడిచి గుట్టలెక్కడానికి కాళ్లు రాలేదు. అడగందే అమ్మైనా పెట్టదు, కొట్టందే తార్లు ఎట్లా పెరుగుతాయి? చుట్టాలున్న తొమ్మిది ఊళ్లకూ తలా ఒకటి కొట్టాను: "అందరం క్షేమం." ఇంతకన్నా శుభమైన మాట ఉంటుందా, మీరే చెప్పండి!

ఒక్కటే మరిచాను. మా దిక్కు తార్ అంటే చావు కబురే. వస్తే ముందు ఏడుస్తారు. చదివించుకోవడం తర్వాత.

మర్నాడు మొదటి బస్సులోనే కాగజ్‌నగర్ మేనమామ దిగి, వాకిట్లోకి ఏడుస్తూ వచ్చాడు.

"అక్కా! ఎంత పనాయెనే అక్కా!"

చేట పట్టుకొని అవ్వ బయటికొచ్చింది. మామ గొంతు ఇంకా పెంచాడు. "నువ్వున్నవా! అయితే పోయింది బావనా?"

బాపు పంచె బిగించుకుంటూ వచ్చాడు. "నేను గూడ ఉన్న. ఏమైందిరా నీకు?"

తమ్ముడు ఏడుస్తుంటే అక్క ఊరుకుంటుందా? వాళ్లింట్లోనే ఎవరో పోయారనుకొని అవ్వ కూడా అందుకుంది.

నేను ఉరికొచ్చాను. "మామా, అందరం క్షేమమని కొట్టిన గదా! సదివించుకోలేదా?"

"సదివించినంరా! అందరు మంచిగుంటె తార్ ఎందుకు కొడ్తరు? ఏదో దాస్తుండ్రని గప్పుడే సమజయింది!"

సాయంత్రానికి తొమ్మిది ఊళ్ల చుట్టాలూ దిగారు. మేమంతా బతికే ఉన్నామని తెలిసి కొందరు ఉత్త పుణ్యానికి వచ్చామన్నట్టు చూశారు. తర్వాత తమ ఇళ్లల్లో వాళ్లు పరేషాన్ అవుతారని పోస్టాఫీసులో నా కిటికీ ముందు వరుస కట్టారు. "ఎవ్వలు సావలే అని కొట్టు రాజం." కొట్టాను. ఆ ఇళ్లనుంచి తిరుగు తార్లు: "నిజం చెప్పుండ్రి." మళ్లీ జవాబులు. వారం రోజులు నా వేలు వాచింది, ఖాదర్ సాబ్ మొహం వెలిగింది.

నెల తిరిగింది. మిషను టకటకలాడింది. పైనుంచి వచ్చిన ఆ తార్‌ను నా చేత్తో నేనే రాసుకున్నాను: "మీ మిషను ఉంటుంది. ఇన్ని తార్లు తెప్పించిన రాజంను జైనూర్‌కు పంపండి. అక్కడ తార్లు బొత్తిగా లేవు."

"ముబారక్ బేటా," అన్నాడు సాబ్.

నేను గుడ్లనీళ్లు కుక్కుకుంటుంటే సుగుణ నవ్వుతూ పెట్టె సర్దింది. "గుట్టలైతేంది, ఇద్దరం పోదాం పాండ్రి. చేరినమని తార్ మాత్రం కొట్టకుండ్రి."

క్షేమమన్న మాట ఇక నోట రానీయనని ఆమె మీద, మోర్సు మిషను మీద ఆనాడే ఒట్టేశాను. ఇప్పటికీ ఎవరైనా బాగున్నావా అంటే, "ఏదీ, మోకాళ్ల నొప్పులు" అంటాను. అందరూ నిమ్మళంగా ఇంటికి పోతున్నారు.