పెద్దమ్మకి సీరియల్ చెప్పేవాళ్ళు

టీవీ సీరియళ్ళను ఆడవాళ్ళు ఎలా చూస్తారన్నది నా పరిశోధన. తొంభైల చివర్లో, నోటుబుక్కూ నలభై ప్రశ్నల కాగితాలూ పట్టుకుని నరసాపురంలో మా పెద్దమ్మ ఇంట్లో దిగాను. మధ్యాహ్నం సీరియల్ వేళకి ఆ వీధి ఆడవాళ్ళంతా అక్కడికే చేరేవారు. చేతులు లేసు అల్లుతూనే ఉండేవి, కళ్ళు మాత్రం టీవీ మీదుండేవి. “సీరియల్ మీకెందుకు నచ్చుతుంది?” అని అడిగితే, “మంచి నీతి ఉంటదండి” అని వరసగా అందరూ ఒకే జవాబు రాయించారు. ఆ కాగితాలు చూస్తే నాకే నవ్వొచ్చేది.

పెద్దమ్మకి చెముడు. టీవీ ఎంత పెంచినా వినపడదు, కుడిచెవి దగ్గర నోరుపెట్టి గట్టిగా చెబితేనే తెలుస్తుంది. అందుకని పక్కింటావిడ ఆ చెవి పక్కనే కూర్చుని, ఎవరు ఏమంటున్నారో ఎప్పటికప్పుడు చెబుతుండేది. రెండో రోజే నాకు అనుమానం వచ్చింది. తెర మీద కూతురు పాత్ర తల్లిని కసిరి పడేస్తుంటే, పక్కింటావిడ మాత్రం “అమ్మకి ఒంట్లో ఎలా ఉందో అని బెంగెట్టుకుందండీ” అని అరుస్తోంది. మిగతావాళ్ళు తలలు వంచుకుని లేసు అల్లుకుంటున్నారు. ఒక్కరూ కాదనలేదు.

కారణం ఆ వీధిలో అందరికీ తెలిసిందే. ఆరేళ్ళ కిందట పెద్దమ్మ కూతురు, మా అక్క, తనకి నచ్చినవాణ్ణి పెళ్ళి చేసుకుంది. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి, “ఇక నాకు కూతుర్లేదు” అంది. అక్క కాపురం రాజమండ్రిలోనే. రైలెక్కితే ఒక్కరోజులో వెళ్ళి రావచ్చు. ఆరేళ్ళలో ఆ ముక్క వెనక్కి తీసుకోవడానికి ఈవిడకి నోరు రాలేదు, గడప తొక్కడానికి ఆవిడకి మనసు రాలేదు. పెదనాన్న పోయాక పెద్దమ్మ ఒక్కతే అయిపోయింది.

నేనేమో, “ప్రేక్షకులు కథను తమకు కావలసినట్టు మార్చుకుంటున్నారు” అని నోటుబుక్కులో రాసుకుని కింద రెండు గీతలు గీశాను. పెద్ద గని దొరికినంత సంబరం నాకు. ఎంత బుద్ధితక్కువగా ఉండేదాన్నో!

ఒకరోజు పక్కింటావిడ అల్లిన లేసు ఇచ్చిరావడానికి వెళ్ళింది. ఆమె చోట్లో నన్ను కూర్చోమన్నారు. సరిగ్గా ఆ రోజే సీరియల్లో కూతురు, “నాకు అమ్మ లేదు. ఎప్పుడో పోయింది” అంది. గదిలో ఆడవాళ్ళంతా నావంక చూశారు. చదువుకున్నదాన్ని, ఉన్నదున్నట్టు చెప్పాలన్న పట్టుదల నాది. ఆ మాటే పెద్దమ్మ చెవిలో అరిచాను.

సూదులన్నీ ఆగిపోయాయి. సీరియల్ అవగానే ఎవరి దారిన వాళ్ళు లేచిపోయారు. నాకు సిగ్గుతో తల పైకెత్తబుద్ధి కాలేదు.

“నాకు తెల్సులేవే. ఆ పిల్ల మొహం చూస్తే తెలీట్లేదేంటి?” అంది పెద్దమ్మ. “చెవులు పోయాయి గానీ కళ్ళు పోలేదుగా.”

“మరి వాళ్ళు చెప్పేదంతా ఎందుకు విన్నావ్?”

“నాకోసం అంత కష్టపడుతున్నారు పాపం. కాదంటే చిన్నబుచ్చుకోరూ?” నా మొహంలోకి చూసింది. “మీ అక్కతో నువ్వు మాట్లాడతావని కూడా తెల్సు. రేపు ఫోన్ చేద్దాం పద. అది ఏమంటే అదే చెప్పాలి. తిట్టినా సరే. ఒక్క ముక్క మార్చావంటే ఊరుకోను.”

మర్నాడు పొద్దున్నే ఎస్టీడీ బూత్‌కి వెళ్ళాం. అద్దాల గదిలో ఇద్దరం ఇరుక్కుని నిలబడ్డాం. పక్కన అమ్మ ఉందని చెప్పగానే అక్క, “ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా అని అడుగు” అంది.

అడిగాను. వీధి చివరిదాకా వినపడి ఉంటుంది. బూత్ ఆయన మర్యాదగా బయటికెళ్ళి నిలబడ్డాడు.

“గుర్తురాని రోజు లేదని చెప్పు” అంది పెద్దమ్మ.

చెప్పాను. అవతల అక్క ఏడుస్తోంది. ఏడుస్తూనే, “ఆదివారం వస్తాను. పిల్లని కూడా తీసుకొస్తానని చెప్పు” అంది.

ఆ మాట చెప్పేసరికి పెద్దమ్మ మొహం మాడిపోయింది. “నువ్వూ వాళ్ళలాగే మొదలెట్టావా? మార్చొద్దన్నానా?”

“ఒట్టు పెద్దమ్మా! అదే అంది!”

“అది అలా అనదు. నాకు తెలీదా దాని సంగతి.”

“ఏమంటోందే?” అని ఫోన్లో అక్క.

“నమ్మట్లేదక్కా.”

“అయితే ఇవాళే బయల్దేరుతున్నానని చెప్పు.”

పెద్దమ్మ చెవి దగ్గర నోరు పెట్టాను. ఎంత ప్రయత్నించినా మాట పైకి రాలేదు, కళ్ళవెంట నీళ్ళు మాత్రం కారిపోతున్నాయి. పెద్దమ్మ నా మొహం వంకే చూస్తూ నిలబడింది. ఏం కనిపించిందో ఏమో, ఉన్నట్టుండి నా చేతిలోంచి రిసీవర్ లాక్కుంది. తనకి వినపడకపోయినా, తను మాట్లాడితే అక్కకి వినపడుతుందన్న సంగతి అప్పటిదాకా మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

“రావే తల్లీ” అంది.