సముద్రం అవతలి పన్ను

పళ్ళాసుపత్రి వెనకగదిలో కూర్చుని కట్టుడు పళ్ళు చేసే మనిషిని అందరూ పళ్ళ మేస్త్రి అనేవారు. మొదట ఎవరో వేళాకోళానికి పెట్టిన పేరు. డాక్టరమ్మ కూడా అలాగే పిలవడం మొదలెట్టేసరికి అసలు పేరు అటకెక్కింది. కిటికీ పక్కన బల్ల, దాని మీద చిన్న కొలిమి, అద్దం పలక మీద పింగాణీ పొడి, సన్నటి కుంచెలు. ఎవరి పన్ను పోయినా దాని బదులు ఆ బల్ల మీదే పుట్టాలి. వీధిలో ఎదురైనవాళ్ళ మొహాలు అతనికి గుర్తుండేవి కావు గానీ, వాళ్ళు నవ్వితే మాత్రం తన పని ఇట్టే పట్టేసేవాడు.

చేతిపని కాబట్టి ఆలస్యం అయ్యేది. పంటి మీద తొడిగే క్యాప్ కోసం వచ్చినవాళ్ళు వారాల తరబడి ఒకవైపే నములుతూ తిరిగేవారు. కొందరు విసిగిపోయి పక్కవీధి ఆసుపత్రికి మారారు. ఆరా తీస్తే, అక్కడివాళ్ళు పళ్ళు ఊళ్ళో చేయించడమే మానేశారని తేలింది. నోట్లో చిన్న కెమెరా పెట్టి కొలతలు తీసి, కంప్యూటర్లో పరాయి దేశానికి పంపేస్తారు. వారం తిరిగేసరికి పన్ను డబ్బాలో వచ్చి వాలుతుంది.

"మనమూ అలాగే చేద్దాం మేస్త్రీ," అంది డాక్టరమ్మ. "ఖర్చు తక్కువ, ఎదురుచూపులు ఉండవు. మీ ఉద్యోగానికేం ఢోకా లేదు. వచ్చినవి సరిచూసి పెట్టండి చాలు. ఆదివారాలైనా ఎవరింట్లో వాళ్ళం ఉంటాం."

"మీ ఇష్టమండీ," అన్నాడు మేస్త్రి. ఆ పరాయిదేశం వాడి పళ్ళు ఎన్నాళ్ళు నిలుస్తాయో చూద్దాం, అనుకున్నాడు లోపల.

మొదటి డబ్బా వచ్చింది. భూతద్దం పెట్టుకుని తప్పు కోసం వెతికాడు. అంచులు వెతికాడు, గాడులు వెతికాడు, తలకిందులుగా పట్టుకుని వెతికాడు. తప్పు దొరకలేదు సరికదా, దవడపన్ను మీది గాడులు నిజంగా ఏళ్ళ తరబడి నమిలి అరిగినట్టు ఉన్నాయి. మేస్త్రి దాన్ని డబ్బాలో పెట్టి, మళ్ళీ తీసి చూశాడు.

ఆ తర్వాత వచ్చినవన్నీ అదే పనితనం. ఆసుపత్రి కళకళలాడింది. బయటి బెంచీల మీద కూర్చునే జనం పెరిగారు, విసుక్కునేవాళ్ళు తగ్గారు. ఒక పెద్దాయన ప్రత్యేకంగా వెనకగదికి వచ్చి, మేస్త్రి చెయ్యి పట్టుకుని, "ఈమధ్య మీ పనితనం మహా బాగుంటోందయ్యా. పోయినసారి వేసినదానికంటే ఇది హాయిగా ఉంది," అన్నాడు. పోయినసారిది మేస్త్రి చేసిందే. అతను నవ్వలేక నవ్వాడు.

ఇంట్లో భోజనాల దగ్గర కూడా వాడి గురించే. వాడికేం, మిషన్లుంటాయి. వాడి పక్కన పదిమంది ఉంటారు. వాడికి డాక్టరమ్మ కేకలు వినపడవు.

"పెళ్ళయినప్పట్నుంచీ నా గురించి ఎప్పుడైనా ఇంతసేపు మాట్లాడారా?" అంది భార్య.

ఆవిడ బస్సు కండక్టరు. ఒకరోజు డ్రైవరు హఠాత్తుగా బ్రేకు వేస్తే ఇనపకడ్డీ మూతికి తగిలి ముందుపన్ను సగానికి విరిగింది. పెద్ద దెబ్బేమీ కాదు గానీ, విజిల్ ఊదితే గాలి తప్ప మోత రావడం లేదు. ప్రయాణికులు ముసిముసిగా నవ్వుకుంటున్నారు.

"ఇది మాత్రం నేనే చేస్తాను," అన్నాడు మేస్త్రి.

"చెయ్యండి," అంది డాక్టరమ్మ. "అక్కడ కూడా ఒకటి చెయ్యమని చెప్తాను. ఆవిడ నోరు, ఆవిడ ఇష్టం."

మేస్త్రి ఆ పన్ను మీద ప్రాణం పెట్టాడు. నచ్చక రెండు పాడుచేశాడు. చివరికి తయారైంది ముత్యంలా మెరిసింది, గీత గీసినట్టు తిన్నగా ఉంది. మర్నాడే డబ్బా వచ్చింది. మూత తీసి, రెండు పళ్ళనీ అద్దం పలక మీద పక్కపక్కన పెట్టాడు.

డబ్బాలో వచ్చిన పన్ను తిన్నగా లేదు. కాస్త పక్కకి ఒరిగి, పక్కపన్ను భుజం మీద వాలినట్టు ఉంది. భార్య పన్ను ముందునుంచీ అలాగే ఉండేది. కొలతలతో పాటు అతని భార్య పాత ఫొటో ఒకటి డాక్టరమ్మ పంపింది. సముద్రం అవతల ఎవడో ఆ ఫొటోలోని నవ్వు చూసి ఆ ఒరుగు పట్టుకున్నాడు. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తినే తను దాన్ని తిన్నగా దిద్ది పారేశాడు. మేస్త్రికి అంతవరకూ పనితనం మీదే కుళ్ళు. ఇప్పుడది ఇంట్లోకి వచ్చి కూర్చుంది.

డబ్బా జేబులో వేసుకుని, ఇంకా రాలేదని డాక్టరమ్మతో అబద్ధమాడాడు. తను చేసినదాన్నే తాత్కాలికంగా అతికించారు. భార్య ఇంటికొచ్చి అద్దం ముందు చాలాసేపు నిలబడింది.

"బాగుందా?"

"బాగానే ఉంది. నేను నవ్వుతుంటే ఎవరో నవ్వుతున్నట్టుంది."

మేస్త్రి ఆ మాట మింగలేకపోయాడు. డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టి, "నిన్ననే వచ్చింది," అని బయటికి వెళ్ళిపోయాడు.

ఆ పన్నే ఆమెకు అమరింది. ఆమె నవ్వినప్పుడల్లా మేస్త్రి చూపు తిప్పుకునేవాడు. పరాయివాడి పని తన భార్య నోట్లో కాపురం పెట్టిందని ఒళ్ళు మండేది.

కృతజ్ఞతలు చెబుదామని డాక్టరమ్మ మొగుడూపెళ్ళాలిద్దర్నీ పక్కన కూర్చోబెట్టుకుని అవతలివాళ్ళకి వీడియో ఫోను చేసింది. పని చేసిన మనిషిని పిలవమంటే, తెరమీదికి కళ్ళజోడు పెట్టుకున్న ఒక నడివయసు ఆడమనిషి వచ్చింది. మేస్త్రి నోరు తెరిచాడు. పక్కనున్న భార్య మోచేత్తో పొడిచి, "ఇన్నాళ్ళూ మీరు తిట్టుకున్నది ఈవిడనా?" అంది.

డాక్టరమ్మ మేస్త్రి చేసిన పన్నునీ కెమెరా ముందు పెట్టింది. అవతలావిడ కళ్ళజోడు నుదుటిమీదికి తోసి, దగ్గరికి జరిగి చూసింది. ఆవిడ అన్నది డాక్టరమ్మ తెలుగులో చెప్పింది.

"రంగు తనకి ఇలా కుదరడం లేదట మేస్త్రీ. అంచు దగ్గర ఆ నీలిఛాయ ఎలా తెచ్చారని అడుగుతోంది."

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "ఏదో అలా వచ్చేసిందని చెప్పండి."

అది పచ్చి అబద్ధమని అక్కడ అందరికీ తెలుసు. అవతలావిడకి కూడా తెలిసిపోయినట్టుంది, తల పంకించి నవ్వింది.

ఆ మాటతో డాక్టరమ్మకో ఆలోచన వచ్చింది. ముందుపళ్ళు అక్కడ చెక్కి, రంగు వెయ్యకుండా పంపించాలి. మనుషులు ఎదురుగా ఉంటారు కాబట్టి రంగు ఇక్కడ మేస్త్రి వేస్తాడు. బేరం ఇద్దరికీ కుదిరింది. మేస్త్రి కుంచెలకు మళ్ళీ పని దొరికింది. ఎండ ఉండగానే ఇల్లు చేరుతున్నాడు. భార్య పన్నుని కూడా ఒకరోజు తీయించి తనే రంగు దిద్దాడు.

"ఇంకా కుళ్ళుకుంటున్నారా?" అని ఒకసారి భోజనాల దగ్గర ఆవిడ అడిగింది.

"కుళ్ళే," అన్నాడు మేస్త్రి. "ఆ ఒరుగు నాకెందుకు కనపడలేదా అని."

ఆవిడ ఆ ఒరిగిన పన్ను కనపడేలా నవ్వింది. అతనికి ఇంకో గరిటె అన్నం వడ్డించింది.