బావ కారు బానెట్టుకు జాలీలు

మొన్న చిలకలూరిపేట దాటాక పెట్రోలు బంకులో ఆగితే, పక్కన కారు ఆపుకున్న ఓ కుర్రాడు మా బావ కారు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. బానెట్టు మీద కుడివైపొకటి, ఎడమవైపొకటి ఉన్న ఇనప జాలీలను వేలితో తట్టి, "ఒరిజినల్ కటింగేనా అంకుల్? మాది ఉత్త స్టిక్కరండీ, కింద కన్నం లేదు" అన్నాడు. నిజమే, వాడి కారుకు అచ్చం జాలీల్లాగే ఉన్న నల్ల ప్లాస్టిక్ ముక్కలు అతికించి ఉన్నాయి. వేడి బయటికి పోయే దారే లేనప్పుడు ఆ జాలీ ఎందుకో నా బుర్రకెక్కదు గానీ, ఈ రోజుల్లో అలాంటివి అడగకూడదు. "రేసులకి తోలతారా అంకుల్?" అని కూడా అన్నాడు. బావ కారెక్కి, తాళం తిప్పి, అంత ఏప్రిల్ ఎండలోనూ హీటర్ పెట్టాడు. ఆ కారులో హీటర్ ఎందుకని మా ఇంట్లో ఎవరూ అడగరు.

మా అక్కకు కిడ్నీలు పాడయ్యాక వారానికి మూడుసార్లు గుంటూరులో డయాలసిస్ చేయించాల్సి వచ్చేది. బస్సులో కూర్చోలేదు, ఆటో కుదుపులు తట్టుకోలేదు. బావది మిరప, పత్తి వ్యవసాయం. అన్నిసార్లు అద్దె కారు మాట్లాడుకునే ఇల్లు కాదు. అందుకని ఎవరో వదిలించుకోవాలని చూస్తున్న పాత చిన్న కారొకటి తెచ్చి, దాని మీద పడ్డాడు. ముందు ఎడమ సీటు పీకించి, అక్కడి నుంచి వెనక సీటు దాకా బల్ల కొట్టించి, తమ చేలో పండిన పత్తితోనే పరుపు కుట్టించి పరిచాడు. గ్యాస్ కిట్టు పెట్టించాడు. ఇంజను మీద భారం పడుతుందని ఏసీ తీయించేశాడు. ఇన్నీ చేసేసరికి అది కారూ కాదు, అంబులెన్సూ కాదు, మంచానికి చక్రాలు బిగించినట్టు తయారైంది. అక్క మొదటిసారి ఎక్కి పడుకుని, "పాడె కంటే మెత్తగానే ఉందయ్యో" అంది. ఆమె మాటలన్నీ అంతే. నోటి దురుసు మనిషని పెళ్లినాటి నుంచే పేరు. బావ మాత్రం ఎప్పుడూ నవ్వేసేవాడు.

ఒక్కటే చిక్కు, ఆ కారు వేడెక్కేది. రోడ్డు ఖాళీగా ఉన్నంతసేపూ బాగానే పోయేది గానీ, మిర్చి సీజనులో గుంటూరు చేరబోతుండగా యార్డుకు పోయే లారీలూ ట్రాక్టర్లూ బారులు తీరి ఉండేవి. వాటి నిండా టిక్కీలు, అంటే కాయలు తొక్కి కుట్టేసిన గోతాలు. అక్కడ ఆగామా, టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు లేచేది. దానికి మాకు ఎవరో చెప్పిన మందు హీటర్ పూర్తిగా తిప్పెయ్యడం. ఇంజను వేడి కారులోకి వచ్చేస్తుంది, ఇంజను బతుకుతుంది. బయట రోళ్లు పగిలే ఎండ, లోపల హీటర్, మధ్యలో గుక్కెడు నీళ్లు కూడా కొలిచి తాగాల్సిన మా అక్క. మొహాన తడి తువ్వాలు కప్పుకుని దాని కింద నుంచి తిట్టేది. "ఏవయ్యో, నన్ను కల్లంలో కాయల్లాగా ఎండబెడుతున్నావు. ఇంకాసేపాగితే తొడిమ తీసి టిక్కీలో తొక్కెయ్యొచ్చు." యార్డు ఘాటుకి తుమ్ములు, తుమ్ముల మధ్యన తిట్లు. ఓ రోజు ఆసుపత్రి వరండాలో బావ నా చెయ్యి పట్టుకుని, "దీన్ని బతికించడానికి తీసుకొస్తన్నానా, కాల్చడానికా రా?" అని ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది.

రేడియేటర్ మార్చాడు, ఫ్యాను మార్చాడు, చివరికి బానెట్టే కోయిద్దామన్నాడు. పైనుంచి వేడికి దారిస్తే హీటర్ పెట్టక్కర్లేదని ఆశ. ఆసుపత్రి నుంచి తిరిగొస్తూ ఆటోనగర్‌లో ఓ టింకరింగ్ షెడ్డు ముందు ఆపాం. అక్క లోపల పడుకునే ఉంది. మేస్త్రి మా గోడు పూర్తిగా వినకుండానే, "రేసింగ్ లుక్కాండీ? జాలీ మూతులు ముందుకు పెడదాం, అదిరిపోద్ది" అన్నాడు. "డయాలసిస్‌కి" అన్నాడు బావ. మేస్త్రి సుద్దముక్క తీసుకుని బానెట్టు నడిమధ్యన గీత గీశాడు. కారులోంచి అక్క కేకేసింది. "అక్కడొద్దు! దసరాకి నేను బొట్టు పెట్టేది అక్కడే." వేడంతా మధ్యలోనే ఉంటుందని మేస్త్రి ఏదో చెప్పబోయాడు. "ఉంటే ఉండనీ. బొట్టు పెట్టిన చోట కన్నం పెడతారా ఎవరన్నా?" అంది. బావ వాదించలేదు, అందుకే ఆ జాలీలు చెరోపక్కకీ పోయాయి. మిషను రేకును కోస్తుంటే అక్క చెవులు మూసుకుని, "పెళ్లాం కోసం ఓ పని చేస్తే ఊరంతా వినపడాలా!" అంది. అది సంతోషమే. ఆమె సంతోషం అలాగే ఉండేది.

ఆ తర్వాతి ప్రయాణంలో యార్డు దగ్గర మళ్లీ అదే బారు. బావ కళ్లు ముల్లు మీదే ఉన్నాయి. జాలీల్లోంచి వేడి పైకి లేస్తుంటే ముందున్న లారీ నీళ్లలోంచి చూసినట్టు కదులుతోంది, ముల్లు మాత్రం సగం దగ్గరే నిలిచింది. హీటర్ పెట్టలేదు. కిటికీలోంచి కాస్త గాలి కూడా వస్తోంది. "చూశావటే? కదల్లేదు!" అన్నాడు బావ. అక్క పలకలేదు. తడి తువ్వాలు మొహాన ఉంది. వెనక కూర్చున్న నేను లేపబోతే, "వద్దురా, పడుకోనీ. ఈ దారిలో అది కన్ను మూసింది ఇవాళే" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు బావ మొహంలో ఉన్న ఆనందం నేను మళ్లీ చూడలేదు. అంతలో యార్డు వైపు నుంచి ఘాటు కొట్టింది. బావ తుమ్మాడు. నేనూ తుమ్మాను. అక్క తుమ్మలేదు.

బావ చెయ్యి గేరు మీద అలాగే ఉండిపోయింది. ముందున్న లారీ కదిలింది, వెనక హారన్లు మొదలయ్యాయి. అప్పుడు వెనక్కి తిరిగి తువ్వాలు తీశాడు.

ఆసుపత్రిలో డాక్టరు గారు మంచాయన. ఈ జబ్బులో గుండె ఇలా చెప్పకుండా ఆగిపోతుందని, తెలిసినా ఆ రోడ్డు మీద మేం చేయగలిగింది ఏమీ లేదని మెల్లగా చెప్పాడు. బావ చెవికెక్కలేదు. "హీటర్ పెట్టుంటే తిట్టేదిరా. తిట్టకపోతే నాకు తెలిసేది" అన్నాడు. ఇప్పటికీ అదే మాట. ఎవరు ఏం చెప్పినా అక్కడికే వచ్చి ఆగుతాడు.

కారు అమ్మలేదు, బల్ల తీయలేదు. మొన్న ఆ బంకులోంచి బయల్దేరాక వెనక కూర్చున్న నాకు, హీటర్ వేడికి ఒళ్లంతా చెమటలు కారుతున్నా, యార్డు దగ్గర బారులో ఆగేసరికి కునుకు పట్టింది. బావ చెయ్యి వెనక్కి చాచి నా మోకాలి మీద వేశాడు. "ఏరా, పడుకున్నావా?"

"లేదు బావా."

"పడుకోమాక. ఏదోటి మాట్టాడు. పోనీ తిట్టు."

నేను నోరు తెరిచేలోగా ఘాటు రానే వచ్చింది, తుమ్మాను. అద్దంలో నన్నే చూస్తున్న బావ అప్పుడు గేరు వేశాడు. ఆ జాలీల పుణ్యమా అని ఇంజను ఎంత రద్దీలోనైనా ఇప్పుడు చల్లగానే ఉంటుంది. ఇన్నేళ్లు గడిచాయి, మా బావకు మాత్రం ఆ మధ్యాహ్నం ఇంకా చల్లారలేదు.