ఎడమచేతి సంతకం

మొన్న రేపల్లెలో కోర్టు ఎదుట టైపు కొట్టు ముందు నిలబడితే, ఎవరో కొత్త కార్బన్ కాగితాల పెట్టె తెరిచారు. ఆ వాసనకు రెండడుగులు వెనక్కేశాను. ఈ వయసులోనూ అది తగిలితే చాలు, రేపే వాయిదా ఉన్నట్టుంటుంది. తెనాలిలో మా ప్లీడరు గుమాస్తా దేవదానం గారి వరండా నిండా ఆ వాసనే ఉండేది.

ఎనభైల చివరి మాట. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన నాన్న పోయిన నెలకే, తెనాలిలోని మా ఇల్లు తనకు రాశాడంటూ బాబాయి వీలునామా తీశాడు. కింద నాన్న సంతకం. చెయ్యే లేవని మనిషి సంతకం ఎలా పెడతాడన్నది మా వాదన. దానికి సాక్షిని నేనే. అప్పటికి రేపల్లెలో టీచరుగా చేరి ఏడాది. అమ్మ ప్రశ్నలూ జవాబులూ రాసి, సండేస్కూల్లో బైబిలు కంఠత వాక్యంలా నాచేత బట్టీ పట్టించింది. గడగడా అప్పజెప్పేదాన్ని.

సాక్ష్యం తర్ఫీదుకు శనివారాలు తెనాలి వెళ్తే, దేవదానం గారు మొదటి శనివారమే ఆ కాగితం తీసి పక్కన పడేశారు. "ఏంటమ్మాయ్, పరీక్షకెళ్తున్నావా? అవతలి ప్లీడరు వరస మార్చి అడిగితే ఏం చేస్తావ్?" ఆయన పద్ధతి వేరు. నా చేతికి నీళ్ళగ్లాసు ఇచ్చేవారు. ప్రశ్న వినగానే గుక్కెడు నోట్లో పోసుకోవాలి. మింగాకే జవాబు. తొందర నాకు పుట్టుకతో వచ్చింది. రైలెక్కి ఇంతదూరం నీళ్ళు తాగడానికొస్తున్నానా అని ఒళ్ళు మండేది.

వాయిదా ముందు శనివారం ఆయన కొత్త ప్రశ్న అడిగారు. "మీ నాన్న ఎడంచేత్తో ఎప్పుడన్నా రాశారా?"

నీళ్ళు మింగాను. "రాశారు మావయ్యగారూ. పలక మీద దిద్దేవారు. పేరు వరకూ వచ్చేసింది."

పక్కనున్న అమ్మ ముఖం పాలిపోయింది. "అన్నయ్యగారూ, అది చెబితే కొంప మునుగుద్దండి!"

"అడక్కపోతే చెప్పక్కర్లేదమ్మా. అడిగితే?" ఆయన నావైపు తిరిగారు. "అది నువ్వే తేల్చుకో అమ్మాయ్. బోనులో నీ పక్కన నేనుండను."

ఆ వారం అన్నం సయించలేదు. క్లాసులో పిల్లలకు ఎక్కం తప్పు చెప్పాను. అవతలి ప్లీడరు అది అడగకుండా ఉంటే బాగుండునని ప్రార్థన కూడా చేశాను.

అడిగారు. బోనులో నీళ్ళు లేవు. ఉమ్మి మింగి, "ఎడంచేత్తో రాసేవారండి" అన్నాను. ఇల్లు పోయింది. ఆ సంతకం నాన్నదో కాదో నాకిప్పటికీ తెలియదు.

అమ్మ దేవదానం గారితో మాట మానేసింది. ఇల్లు ఖాళీ చేసే రోజు ఆయన పిలవకుండానే వచ్చారు. మంచం ఒక కొస ఆయన పట్టుకుంటే, రెండోది నేను పట్టుకున్నాను. అలాగే రిక్షా దాకా మోశాం.

ఇప్పుడు నన్నందరూ నిదానస్తురాలంటారు. లోపల ఎంత గింజుకుంటానో వాళ్ళకేం తెలుసు? ఇల్లు పోయాక అద్దింట్లో ఓ మధ్యాహ్నం అమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ, "కోర్టులో లేదని ఉంటే ఇల్లు మిగిలేది కదే?" అంది. చెంబెత్తి గుక్కెడు నీళ్ళు మింగాను. ఎలాగూ పోయేదేనని అబద్ధమాడటానికి అంతకంటే మంచి సమయం ఉండదు.

"మిగిలేదమ్మా" అని అప్పుడూ నిజమే చెప్పాను. అమ్మ మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. కోర్టులో చెప్పినదానికి నాకు బాధ లేదు. అమ్మకు చెప్పినదానికి ఉంది.