యాభై రెండు కిలోల మొక్కు

నన్ను కరీంనగర్‌లో రెసిడెన్షియల్ కాలేజీలో చేర్పించే ముందు రోజు మా బాపమ్మ నన్ను నస్పూర్ బజారుకు తీసుకుపోయి, బెల్లం దుకాణంలో కాంట మీద నిలబెట్టింది. సమ్మక్కకు నా నిలువెత్తు బంగారం మొక్కుకుందట. జాతరకు పోయే బెల్లాన్ని మా దిక్కు బెల్లం అనరు, బంగారం అంటారు. నోరు జారి బెల్లమన్నారో, బాపమ్మ చేతిలో అయిపోయారన్నమాటే. మొక్కు తీరినాక మనిషిని తూచి, అంతే బరువు బంగారం అమ్మవారికి ఇచ్చుకుంటారు. మా బాపమ్మ మాత్రం మొక్కిన రోజే తూపించింది. కాంట యాభై రెండు చూపించింది.

"ఏమని మొక్కినవ్ బాపమ్మా?" అని అడిగాను.

"మొక్కినదానికి ఎరుక, అమ్మవారికి ఎరుక. నీకెందుకే?" అంది.

అడగాల్సిన పని కూడా లేదనుకున్నాం. ఇంజనీరింగ్ సీటు కోసం పోయే పిల్లకు ర్యాంకు గాక ఇంకేం మొక్కుతారు? బాపు బొగ్గు బావిలో డ్యూటీ దిగి వచ్చేసరికి మా క్వార్టర్ల లైనంతా ఆ మాట తిరిగింది. పక్కింటి పెద్దమ్మ అయితే తన వాటా బంగారం ఏ గిన్నెలో పెట్టుకుంటుందో ఆ గిన్నె కూడా తెచ్చి చూపించింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. నేనింకా బస్సెక్కనే లేదు.

కాలేజీలో ప్రతి ఆదివారం పరీక్ష. మర్నాడు సాయంత్రం మార్కుల కాగితం మెస్ తలుపుకు అంటించేవాళ్లు. ఆ ఆలోచన ఎవరిదో గానీ, వాడికి అన్నంతో పాత పగ ఏదో ఉండి ఉండాలి. ముందు మన పేరు ఎంత కిందికి జారిందో వెతుక్కోవాలి, ఆ తర్వాత పళ్లెం పట్టుకోవాలి. మార్కులను బట్టి సెక్షన్, సెక్షన్‌ను బట్టి గది మారిపోయేవి. పరుపు చుట్ట చంకన పెట్టుకుని మెట్లెక్కడం, దిగడం నాకు బాగా అలవాటైంది. చదువు పూర్తయ్యేలోపు ఆ భవనంలోని అన్ని అంతస్తుల కిటికీల్లోంచీ ఒకే నీళ్ల ట్యాంకును చూసిన ఘనత నాది.

మిగతా పిల్లలకు ఇంట్లోవాళ్ల భయం ఒక్కటే. నాకు అమ్మవారి భయం కూడా. ర్యాంకు రాకపోతే మొక్కు సంగతేమిటి? నా మూలంగా బాపమ్మ అమ్మవారి ముందు తలవంచుకోవాలా? ఫిజిక్స్ లెక్క తప్పినప్పుడల్లా సమ్మక్క నన్నే చూస్తున్నట్టుండేది. అన్నం సహించేది కాదు.

"నువ్వు గిట్లనే సన్నవడు. మీ బాపుకు బంగారం ఖర్చు తగ్గుతది" అని నా పక్క మంచం అమ్మాయి ఏడిపించేది. ఆమె కూడా నాకంటే లావుగా ఏం లేదు. ఇద్దరం ఒకరి మణికట్టు ఒకరం కొలుచుకుని నవ్వుకునేవాళ్లం.

నెలకోసారి ఇంటివాళ్లను రానిచ్చేవారు. గ్రౌండ్ నిండా చాపలు, టిఫిన్ డబ్బాలు. ఏ చాప మీద చూసినా "ఎన్నొచ్చినయ్ బిడ్డా" అన్న మాటే. బాపమ్మ మాత్రం ఒక్కసారి కూడా మార్కులు అడగలేదు. నా చేతి గాజును మోచేతి వైపు తోసి, అది ఎంతదాకా పోతుందో చూసేది. చూసి డబ్బా మూత తీసేది. నా మీద నమ్మకం పోయి అడగడం లేదనుకుని నేను ఇంకా కుంగిపోయేదాన్ని.

చివరికి ర్యాంకు వచ్చింది. ఫోన్ నంబరంత పొడుగు కాదు గానీ, మా ఊరి పిన్‌కోడ్‌తో మాత్రం పోటీ పడింది. బాపు చూసి, "సరే తీ. మంచిర్యాల్ల కాలేజీలు లేవా?" అని సెకండ్ షిఫ్టుకు పోయాడు. నన్ను కన్న అవ్వ మాత్రం పెద్దమ్మ కంటపడకుండా రెండు రోజులు నల్లా దగ్గరికి బాపునే పంపింది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

బాపమ్మ వచ్చి దుప్పటి లాగింది. "లే. కాంట కాడికి పోవాలె."

"ర్యాంకు రాలే బాపమ్మా."

"నడువు, ముచ్చట్లు తర్వాత."

ముసలిదానికి మతి పోయిందనే అనుకున్నాను. దుకాణంలో సేటు నన్ను చూడగానే, "ర్యాంకు ఎంతొచ్చిందమ్మా పాపకు?" అన్నాడు.

"గదంత నీకెందుకు సేటూ? నువ్వు కాంట చూడు" అంది బాపమ్మ.

కాంట నలభై మూడు చూపించింది. ర్యాంకు విన్న రోజు చీమ కుట్టినట్టు కూడా లేని మనిషి, ఆ అంకె చూసి దుకాణం మెట్టు మీద కూలబడింది.

"తీరలే" అంది.

"ఏం తీరలే?"

"మొక్కు. పోయిన పిల్లను పోయినట్టు నాకు అప్పజెప్పు తల్లీ అని మొక్కిన. యాభై రెండు పంపితే నలభై మూడొచ్చింది. కడమ పిల్ల ఏడున్నదే?"

సేటు నవ్వు ఆపుకోలేక, "అయితే గీ నలభై మూడే ఇయ్యమ్మా, సస్తగ అయితది" అన్నాడు.

"అమ్మవారికి సగం పిల్లను చూపెట్టాల్నా?" అని అతన్ని కసిరింది.

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. వాటి వెనకే చచ్చేంత కోపం. అంతకాలం ర్యాంకు కోసం వణికి చచ్చానే, ఈ ఒక్క ముక్క ముందే చెబితే ఆమె సొమ్మేం పోయేది? అదే అడిగాను.

"చెప్తే మొక్కు ఫలిస్తదా?" అంది. ఆమెతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో ఇప్పటిదాకా లేరు.

ఆ రోజు నుంచి నా మేత మొదలైంది. పొద్దున సర్వపిండి, వాన పడితే మక్క గారెలు, ఆదివారం తలకాయ కూర. ఆదివారం కూర తిన్నాక కాంట దగ్గరికి నడక. వారం వారం పరీక్ష అనే శని నన్ను నస్పూర్‌లో కూడా వదల్లేదు గానీ, ఈ పరీక్షకు మాత్రం నేనే ముందు చెప్పులు వేసుకునేదాన్ని. సేటు ఫలితం బజారంతా వినపడేలా చదివేవాడు. కిలో పెరిగితే మిరపకాయలు అమ్మే ఆమె కూడా చప్పట్లు కొట్టేది. జ్వరం వచ్చి కాస్త తగ్గిన వారం పెద్దమ్మ తన గిన్నె నిండా కోడికూర తెచ్చి, "గిది తిని పాస్ గావాలె" అని నా ముందు కూర్చుంది. ఆ మధ్యలోనే మంచిర్యాలలో డిగ్రీలో చేరాను. అక్కడ క్యాంటీన్ తలుపుకు మిర్చి బజ్జీల ధరలు తప్ప ఏమీ అంటించరు. ఫిజిక్స్ నాకు నిజంగా ఇష్టమని అక్కడే తెలిసింది.

జాతర దగ్గరపడ్డాక, డప్పులతో, లైనంతా వెంట రాగా, చివరిసారి కాంట ఎక్కాను. పెద్దమ్మ నా చెవిలో "ఫోను జేబుల ఉంచుకో" అంది. బాపమ్మకు పాము చెవులు. ఫోను లాక్కుంది, చెప్పులు కూడా విప్పించింది. అంకె కాసేపు ఊగి యాభై రెండు దగ్గర ఆగింది. డప్పులు మోగాయి. సేటు బంగారం ముద్దలు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టాడు.

"బాపమ్మా, మంచి ర్యాంకొచ్చి, నేను నలభై మూడే ఉంటే ఏం చేద్దువు?" అని అడిగాను.

ఆమె ముద్దల మీది నుంచి చూపు తిప్పలేదు. "గప్పుడు బంగారం ఎందుకిస్తనే? నా పిల్ల ఇంటికి రాకపాయె గదా."

కాంట దిగి, బజారు నడుమ ఆమెను రెండు చేతులా ఎత్తుకున్నాను. తేలిగ్గానే లేచింది. దించవే అని తిట్టింది. నేను దించలేదు.