ఐడ్లింగులో నిలవని కారు

ఆ మెకానిక్ తన నీడను కూడా నమ్మడు. టీ కొట్టతను చక్కెర కాస్త ఎక్కువేస్తే, వీడికి నాతో ఏం పని పడిందా అని ఆలోచిస్తాడు. కొత్త స్పార్క్ ప్లగ్గును డబ్బాలోంచి తీసి, పాతదాన్నే కడిగి అంటగట్టారేమోనని వెలుతురులో తిప్పి తిప్పి చూస్తాడు. ఆ గుణం వల్ల ఇంజిన్లు బాగుపడ్డాయి, చుట్టాలు దూరమయ్యారు. మిగిలింది భార్య, ఆమె తమ్ముడు. ఆ బావమరిదే షెడ్డులో ఆయనకు కుడిభుజం. రెండో తాళంచెవి అతని దగ్గరే ఉండేది.

చిక్కంతా బట్టలకొట్టాయన టర్బో కారుతో వచ్చింది. కారు బాగానే ఉంది గానీ దానికి ‘ఉష్’మనే చప్పుడు లేదని ఆయన బెంగ. యాక్సిలరేటరు మీంచి కాలు తీయగానే టర్బో దగ్గర మిగిలిపోయిన గాలిని వదిలే వాల్వు ఒకటుంటుంది. కంపెనీ వాల్వు ఆ గాలిని కింది పైపులోంచి చడీచప్పుడు లేకుండా వెనక్కి ఇంజిన్ వైపే పంపుతుంది. ఆయన కొనుక్కొచ్చింది బయటికే వదిలి ఊరంతా చాటుతుంది. మెకానిక్ దాన్ని తన చేత్తోనే బిగించాడు. మురిసిపోతూ తీసుకెళ్లిన మనిషి మర్నాడే ముఖం వేలాడేసుకుని వచ్చాడు. సిగ్నల్ దగ్గర ఆగితే కారు వణుకుతోందట, ఇంజిన్ వేగం చూపే మీటరు ముల్లు పైకీ కిందికీ ఊగుతోందట, ఉన్నట్టుండి ఇంజిన్ ఆగిపోతోందట.

మెకానిక్ స్ప్రింగు బిగించాడు. సన్న గొట్టం మార్చాడు. గాలిని కొలిచే సెన్సరును కడిగాడు. కారు మాత్రం చలిజ్వరం వచ్చినట్టు వణుకుతూనే ఉంది. తను బిగించినదాంట్లో తప్పుండదు కదా, మరి ఎవరో చెయ్యి పెట్టి ఉండాలి.

బావమరిది ఈ మధ్య ఎదురు షెడ్డు అతనితో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఫోనొస్తే బయటికి వెళ్తున్నాడు. వాల్వు బిగించిన రోజు షెడ్డు మూసింది కూడా అతనే. పైగా, కింది పైపు ఒకసారి చూడు బావా అని పదేపదే అంటున్నాడు. అన్ని పైపులుండగా కింది పైపే ఎందుకు? అక్కడేదో చేసిపెట్టి, తనే కనిపెట్టినట్టు బట్టలకొట్టాయన ముందు గొప్పలు పోవడానికేనని ఈయన తేల్చేశాడు. ఆ కారు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాడు.

భోజనాల దగ్గర ఈ సంగతి ఎత్తితే భార్య గరిటె పక్కన పెట్టేసింది. అంత తెలివే ఉంటే వాడు మీ దగ్గరెందుకు పడుంటాడండీ అంది. అక్కాతమ్ముళ్లు ఒక్కటయ్యారన్నమాట అనుకున్నాడాయన.

మర్నాడు షెడ్డులో బావమరిది ముందు చెయ్యి చాచాడు.

“తాళంచెవి ఇలా ఇవ్వు.”

అతను ఎందుకని అడగలేదు. రింగులోంచి తీసి ఇచ్చి, చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. అడగకపోవడం కూడా ఈయన లెక్కలో నేరం ఒప్పుకోవడమే.

ఇంజిన్ నడుస్తుండగా క్లీనర్ స్ప్రే తీసుకుని ఒక్కొక్క అతుకు మీదా కొడుతూ పోయాడు. గాలి దొంగచాటుగా ఎక్కడ దూరుతుంటే అక్కడ ఇంజిన్ చప్పుడు మారుతుంది. ఎక్కడా మారలేదు. చివరికి కింది పైపు దగ్గర కొట్టగానే గుర్రుమంది.

వేళ్లు దూర్చి లాగితే నీలంగళ్ల గుడ్డముక్క వచ్చింది. విప్పిన గొట్టం మూతిలో దుమ్ము పడకుండా గుడ్డ కుక్కడం ఆయనకు అలవాటు. బజారు గుడ్డలో ఇసుక ఉంటుందని అనుమానం, అందుకని తన పాత చొక్కాలే చించి వాడతాడు. బావమరిది వాడేది దూది. పాత వాల్వు తీసేశాక ఈ మూతికి రబ్బరు మూత పెట్టాలి. ముందు గుడ్డ కుక్కాడు, ఈలోగా బట్టలకొట్టాయన చప్పుడు వినిపించమని తొందరపెడితే మూత సంగతే మరిచాడు. సెన్సరు కొలవని గాలి ఆ గుడ్డ సందుల్లోంచే లోపలికి పోతోంది. ఇంకొన్నాళ్లయితే గుడ్డనే టర్బో మింగేసేది.

మూత పెట్టి క్లిప్పు బిగించాడు. ముల్లు కదలకుండా నిలబడింది. సిగ్గుతో ఆయనకు తల కొట్టేసినట్టయింది.

నేరుగా బావమరిది ఇంటికి వెళ్లాడు. అతను గుమ్మంలో కూర్చుని కూతురి సైకిల్‌కి చెయిన్ ఎక్కిస్తున్నాడు. ఈయన గుడ్డముక్కా తాళంచెవీ అతని ముందు పెట్టి, తప్పు నాదేరా అన్నాడు.

బావమరిది గుడ్డను చూశాడు. మూత పెట్టలేదేమోనని అప్పుడే అనుమానమొచ్చిందట, అందుకే చూడమన్నాడట. తర్వాత తాళంచెవిని వెనక్కి జరిపాడు.

“నీ దగ్గరే ఉండనీ బావా. ఇంకోసారి అడిగించుకోలేను.”

పని మాత్రం మానలేదు. రోజూ ఈయనకంటే ముందే వచ్చి మూసిన షట్టరు ముందు నిలబడతాడు. ఈయన వచ్చి తెరిచేదాకా దానికి వీపు కూడా ఆనించడు.