ఖాయం గ్లాసులో మిరియాల ఘాటు

ఆ రోజుల్లో పటాన్‌చెరులో ఉద్యోగం చేసే కుర్రాడంటే ఊళ్లో ఒక లెక్క ఉండేది. ఏ కంపెనీ, ఏం పని అని ఎవరూ అడిగేవారు కాదు. బస్సు దిగగానే వాడి చొక్కా నుంచి వచ్చే వాసనను బట్టే మర్యాద చేసేవారు. నా చొక్కా వాసన మరీ ఘాటు కనుక నాకు జరిగే మర్యాద కూడా ఘాటుగానే ఉండేది. బీఎస్సీ కెమిస్ట్రీ గట్టెక్కి, ఒక కెమికల్ కంపెనీ ల్యాబులో గాజు గొట్టాలు కడిగే పనిలో చేరి, అప్పుడప్పుడే వాటిని పగలగొట్టకుండా పట్టుకోవడం నేర్చుకుంటున్నాను. కంది పక్కన మా ఊళ్లో మాత్రం నేను పెద్ద సైంటిస్టును. వరికి కొట్టే పురుగుల మందు నుంచి తలకు పట్టిన చుండ్రు దాకా అన్నీ నన్నే అడిగేవారు. తెలియదని చెప్పే ధైర్యం నాకు లేదు (ఇప్పటికీ లేదు). ఆ పిరికితనమే ఒక ఆదివారం నా మెడకు చుట్టుకుంది.

అప్పుడు మా అక్కకు జోగిపేట దిక్కు సంబంధం మాట్లాడుతున్నారు. అంతకుముందు రెండు సంబంధాలు చివరిదాకా వచ్చి చెడిపోయాయి. ఒకటి జాతకాల దగ్గర, ఇంకొకటి ఎవరో బావగారు అలిగిన దగ్గర. ఈసారి అబ్బాయి బడిపంతులు. చూపులనాడు అక్క ఉప్మాలో ఉప్పు వేయడం మరిచిపోతే, "సప్పగుంటెనే ఒంటికి మంచిది" అని రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. ఆ ముక్క అక్క నాకు ఎన్నిసార్లు చెప్పిందో! అతడే కావాలని దాని నోటితో అది అనలేదు కానీ, ఆ వారమంతా మా ఇంట్లో ఏ కూరలోనూ సరిగా ఉప్పు పడలేదు.

ఇక మిగిలింది ఖాయం చేసుకోవడమే. మా దిక్కు అది కాగితాల మీద జరిగే పని కాదు. రెండు వైపుల పెద్దమనుషులు ఎదురెదురుగా కూర్చుని, పిల్ల తరఫువాళ్లు పోసిన గ్లాసును పిల్లగాడి తరఫు పెద్ద ముట్టి తాగితేనే మాట ఖాయమైనట్టు. ముట్టకుండా లేచాడంటే సంబంధం కూడా అతనితోపాటే లేచిపోయినట్టు. మామూలుగా ఈ గ్లాసులో కల్లు పోస్తారు. కానీ పెళ్లికొడుకు మేనమామ, అంటే వాళ్ల వైపు పెద్దమనిషి, కబురు పంపాడు. "మాకు కల్లొద్దు. కల్లు రోజు తాగేదే. పిల్లనిచ్చే ఇంట్ల రంగుది పోస్తెనే ఇజ్జత్." రంగుదంటే సీసాలో దొరికే సరుకు. ఈయన బుల్లెట్ మోటారుసైకిల్ మీద తిరుగుతాడు కనుక అందరూ బుల్లెట్ పటేల్ అనేవారు. మాట కూడా ఆ బండిలాగే దూరం నుంచే వినబడేది.

అవి మద్యనిషేధం రోజులు. కల్లు దొరుకుతుంది గానీ సీసా కనబడితే పోలీసులు పట్టుకుపోతారు. మా చిన్నాయన, "బీదర్ దిక్కుకెళ్లి తెప్పిస్త, నువ్వు ఫికర్ జేయకే అన్నా" అని మా నాయనకు మాటిచ్చాడు. తీరా ఖాయానికి ముందురోజు, శనివారం పొద్దున, తెచ్చేవాడు చెక్‌పోస్టు చూసి భయపడి వెనక్కి పోయాడని తెలిసింది. నాయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. చిన్నాయన మాత్రం నా వైపు తిరిగాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

"ఏందిరా కొడుకా, మీ కంపెనీల స్పిరిట్ డ్రమ్ములకు డ్రమ్ములు ఉంటదట గద. ఒక్క క్యాన్ పట్టుకరా."

"చిన్నాయనా, అది తాగితే కండ్లు పోతయి."

చిన్నాయన కొంచెం ఆలోచించి, "నీళ్లు జెర ఎక్కువ కలిపితె?" అన్నాడు.

ఈయన నా మాట వినకుండా ఇంకెవరినైనా పట్టుకుని ఆ డ్రమ్ముల జోలికి పోతే? పెళ్లి సంగతి దేవుడెరుగు, ఊళ్లో సగం మందికి చూపు ఉండదు. ఆ భయంలో నా నోటి నుంచి ఒక మాట జారిపోయింది. "అదొద్దు, నేనే ఇంట్ల చేస్త." చిన్నాయన నా భుజం మీద చరిచి, "నేను జెప్పలె? మనోడు సైంటిస్టు!" అన్నాడు. నేను చేయబోయేది ఉత్త పండ్లరసమని ఆయనకూ నాయనకూ చెప్పేసరికి ఇద్దరి ముఖాలూ పాలిపోయాయి. కానీ వేరే దారి లేదు.

మరునాడు తెల్లవారగానే సంగారెడ్డి మార్కెట్టుకు పోయి నల్లద్రాక్ష, దానిమ్మ, బత్తాయిలు, పెద్ద అల్లం ముద్ద పట్టుకొచ్చాను. గొంతులో మంట పుట్టాలి, రంగు రావాలి, వాసన మభ్యపెట్టాలి. నా శాస్త్రజ్ఞానమంతా ఈ మూడింటి మీద పెట్టాను. మంటకు అల్లం, మిరియాలు, సొంఠి. రంగుకు నల్లబెల్లం మాడ్చిన పాకం. వాసనకు లవంగాలు. నురగకు పక్కూరి నుంచి గోలీసోడాలు. అమ్మ వచ్చి గిన్నెలోకి తొంగి చూసి, వేలు ముంచి నాకి, "ఇదేందిరా, నీకు చిన్నప్పుడు దగ్గొస్తె నేను పోసిన కషాయమే గద. దీనికి బీఎస్సీ సదువాల్నా?" అంది. నేను ఇంకో నాలుగు మిరియాలు దంచి వేశాను. అక్క దానిమ్మ గింజలు వలుస్తూ నా పక్కన కూర్చుంది. వేళ్లు ఎర్రగా ఉన్నాయి, ముఖం తెల్లగా ఉంది. "తమ్మీ, మన మొకాలు జూసి పట్టుకుంటరేమోరా," అంది మెల్లగా. "పట్టుకోరు" అన్నాను, నా గొంతు నాకే నమ్మబుద్ధి కాలేదు.

రసం తయారయ్యాక సీసా వేట మొదలైంది. నిషేధం వచ్చినప్పటి నుంచి ఊళ్లోని పాత సీసాలన్నీ సంసారంలో పడిపోయాయి. మాకు దొరికినవి నువ్వులనూనెవి. కుంకుడురసంతో ఎంత కడిగినా, పోసిన రసం మీద నాలుగు నూనె చుక్కలు గుండ్రంగా తేలుతూనే ఉన్నాయి. నేను తల పట్టుకుంటే చిన్నాయన, "పాత సరుకు గిట్లనే ఉంటది, నువ్వు గమ్మునుండు" అన్నాడు.

పదకొండు గంటలకు బుల్లెట్ చప్పుడు వినబడింది. వెనక జీపులో మిగిలినవాళ్లు దిగారు. పెళ్లికొడుకు తండ్రి మాట్లాడని మనిషి, ఆయన అక్కడ ఉన్నాడని కూడా మనమే గుర్తుచేసుకోవాలి. అందరూ చాపల మీద కూర్చున్నాక, నాయన సీసా తెచ్చి పెట్టాడు. దాన్ని చూడగానే బుల్లెట్ పటేల్ ముఖంలో రంగు మారింది. మీసం మీద చేయి పోయి అక్కడే ఆగిపోయింది. సీసా చూసే పట్టేశాడనుకున్నాను.

"ఎక్కడిదిది?" అన్నాడు.

"బీదర్‌ది" అని చిన్నాయన, "పట్నంది" అని నాయన ఒక్కసారే అన్నారు. మళ్లీ ఇద్దరూ ఒక్కసారే ఆగిపోయారు. తలుపు వెనక గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది.

పటేల్ గ్లాసు అందుకున్నాడు. వేలు ముంచి, భూదేవికి సాకగా నేల మీద రెండు చుక్కలు చిలకరించాడు. గ్లాసు పైకెత్తి, కళ్లు మూసుకుని, ఉరికంబం ఎక్కేవాడిలా ఒక గుక్క తాగాడు. తాగినవాడు కళ్లు తెరవడే! నేను తడికె పక్కన నిలబడి తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను, తెలియని వాళ్లకు కూడా. మిరియాల ఘాటు నషాళానికి అంటినట్టుంది, ఒక్క దగ్గు దగ్గి, కళ్లనీళ్లతో నా వైపు చూశాడు. ఆ చూపు నా మీదే చాలాసేపు ఉంది. తర్వాత గ్లాసు గటగటా ఖాళీ చేసి చాప మీద ఠప్పున పెట్టి, "అబ్బ! సరుకంటే ఇదీ. ఇగ మాట ఖాయం!" అన్నాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. పెద్దమనిషే మెచ్చిన సరుకు కనుక మిగిలినవాళ్లూ పోటీలు పడి తాగారు. రెండో గ్లాసుకు మాట్లాడని వియ్యంకుడు మాట్లాడాడు, మూడో గ్లాసుకు పాట ఎత్తుకున్నాడు. ఇంకొకాయన పోయిన ఏడు చచ్చిపోయిన ఎద్దును తలుచుకుని మా నాయన మెడ పట్టుకుని ఏడ్చాడు. తనకు కల్లంటేనే పడదన్న మనిషి లేచి తూలాడు. నాకు కొత్త భయం పట్టుకుంది. పొద్దున చేసిన రసం ఇంతలోనే పులిసిందా? ల్యాబు నుంచి నా చేతికి ఏదైనా అంటుకుని వచ్చిందా? చదివిన పాఠాలన్నీ తిరగేసుకున్నాను. అల్లం రసానికి ఎద్దు గుర్తుకురావడం ఏ పుస్తకంలోనూ లేదు.

అంతలో బుల్లెట్ పటేల్ తూలుతూ లేచి, "పిల్లగా, పశువుల కొట్టం యాడుందో సూపియ్యి" అన్నాడు. నా పని అయిపోయిందనుకుంటూ వెంట నడిచాను. కొట్టం చాటుకు పోగానే తూలడం ఆగిపోయింది. నిటారుగా నిలబడి, గొంతు తగ్గించి అడిగాడు.

"మందుల కంపెనీల పనిజేసేది నువ్వే గద. ఇది నువ్వే జేసినవా?"

అబద్ధం రాలేదు. "అవును పటేలా."

"ఏమేమేసినవ్?"

"ద్రాక్ష, దానిమ్మ, బత్తాయి, అల్లం, మిరియాలు, బెల్లం. పటేలా, మా అక్క సంబంధం మాత్రం..."

ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "నా పాణం నిలబెట్టినవ్ కొడుకా. డాక్టరు సుక్క ముడితే సస్తవన్నడు. ఊళ్లె ఎవలకు తెల్వదు. పెద్దమనిషి ముట్టకుంటె మాట ఖాయం గాదు, ముడితె నేనుండ. కల్లంటె ఎట్లన్న దొరుకుతదని రంగుది అడిగిన. ఈ బంద్ రోజులల్ల దొరకలేదంటరు, చాయ్ తాగి ఖాయం జేసుకుందమనుకున్న. మీరేమో సీసా దెచ్చి ముంగట వెడితిరి! సూడంగనే నా పెండ్లాం పిల్లలు యాదికొచ్చిన్రు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయనే ముందు నవ్వాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "పెండ్లిల గూడ నువ్వే జెయ్యాలె. మిరియాలు జెర తక్కువెయ్యి. కారం గూడ వద్దన్నడు డాక్టరు" అని, మళ్లీ తూలుతూ జనంలో కలిసిపోయాడు.

పెళ్లిలోనే కాదు, ఆ తర్వాత ఆ రెండు కుటుంబాల్లో ఏ దావత్ జరిగినా నాకే పిలుపు వచ్చేది. నేను చాటుగా సారా కాస్తానని మా ఊళ్లో ఇప్పటికీ నమ్మే ముసలివాళ్లు ఉన్నారు. ఏం చెప్పినా వినరు.

ఆ రోజు వాళ్లందరూ వెళ్లిపోయాక, నేను మంచం మీద కూలబడి ఉంటే అక్క వచ్చింది. సీసా అడుగున మిగిలినదాన్ని గ్లాసులోకి వంచుకుంటోంది. "అది తాగకే, గొంతు మండుతది" అన్నాను. "ఇంటిల్లిపాదీ తాగిన్రు, ఊరోళ్లు తాగిన్రు. నా ఖాయం గ్లాసు నేను తాగొద్దారా?" అంది. నిజమే, అంతసేపూ దాన్ని ఎవరూ ఒక్క మాట అడగలేదు. నాకు కూడా తోచలేదు, నా భయంలో నేనున్నాను. తడికె పక్కన నిలబడి నేను ఎంత వణికానో, తలుపు వెనక అది అంతకంటే ఎక్కువ వణికి ఉంటుంది. గ్లాసు సగం తాగి, దగ్గి, కళ్లు తుడుచుకుని, మిగతాది నా చేతికిచ్చింది. ఆ కళ్లనీళ్లు మిరియాలవే అంది. నేను తాగాను. నిజం చెప్పొద్దూ, అది ఏమంత బాగాలేదు.